షెనారో గొంతు

విరిగిన వేళ్ళు రెండింటినీ పక్కపక్కన ఆనించి, నల్లటి కరెంటు టేపు చుట్టి, మిగిలిన కొసను షెనారో పంటితో తెంపాడు. చలికాలం నుంచీ రోజూ పొద్దున్నే చేసే పని అదే. ఎవడో ముసుగువాడు ఆ వేళ్ళను జీపు తలుపు సందులో పెట్టి నొక్కేశాడు. ఆసుపత్రికి వెళ్ళమని సముద్రపు గుల్లలు తీసేవాళ్ళ సంఘం చెప్పింది. వెళితే ఎలా విరిగాయో చెప్పాలి, చెబితే ముసుగులో ఉన్నది ఎవరో కూడా చెప్పాలి. అది షెనారోకి తెలుసు. ఆర్నెలా లాంటి చిన్న ఊళ్ళో ముసుగు వేసుకోవడం దండగ, నడక చూసి పేరు చెప్పేస్తారు.

కాఫీలో ఒక గుక్క ద్రాక్షసారా ఒంపుకుని కిటికీ దగ్గర నిలబడే తాగాడు. మనిషి పొట్టి. లావు మెడ, పీపా లాంటి ఛాతీ. ముప్ఫయ్యేళ్ళు చల్లటి నీళ్ళలో నానిన మోకాళ్ళు మాత్రం మెట్టు దిగాలంటే మొరాయిస్తాయి. పెళ్ళి చేసుకోలేదు. ఏమయ్యా అని ఎవరైనా అడిగితే, "నన్నెవరూ అడగలేదు మరి" అని నవ్వేవాడు. ఆ వీధిలో పొగ లేచే ఇల్లు ఇప్పుడు అతనిదొక్కటే. చేపల డబ్బాల ఫ్యాక్టరీ మూతపడ్డాక మిగతావాళ్ళు కొందరు కానరీ దీవుల హోటళ్ళలో గిన్నెలు కడగడానికి పోయారు, కొందరు స్విట్జర్లాండులో గోడలు కట్టడానికి పోయారు.

కిటికీలోంచి సముద్రం నూనె పోసినట్టు నున్నగా కనిపించింది. పై ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళెవరైనా చూస్తే పిల్లల్ని నీళ్ళలోకి దించి ఆడిస్తారు. షెనారో మాత్రం కప్పు కింద పెట్టేశాడు. దూరాన ముసల్ది అని పిలిచే రాయి చుట్టూ నురుగు ఒక్కసారి తెల్లగా లేచి అణిగింది. మళ్ళీ లేవడానికి చాలాసేపు పట్టింది. గోల చేసే సముద్రానికి మా వాళ్ళు భయపడరు. ఇలా నోరు మూసుకుని, ఆగి ఆగి ఊపిరి తీసే సముద్రమంటేనే భయం. ఎక్కడో నడిసముద్రంలో తుఫాను దాన్ని అడుగునుంచి తోస్తోందన్నమాట. కాసేపు ఏమీ ఉండదు. తర్వాత ఒకదాని వెనక ఒకటి నాలుగు లేస్తాయి, నాలుగోది మనిషిని ఉంచదు.

ఇవాళ ఆటుకి నీరు లాగేసిన వేళకి చెల్లెలి మొగుడు లీనో ఆ ముసల్దాని మీదికి దిగబోతున్నాడు. బారులో అందరి ముందూ చెప్పి మరీ దిగుతున్నాడు. నువ్వెంత గొంతు చించుకున్నా తల దించను అని కూడా చెప్పాడు. ఆ చెప్పింది షెనారో ముఖం మీదే.

పెర్సెబే అనే గుల్ల, అల బలంగా కొట్టే రాతికే అంటుకుని పెరుగుతుంది. పట్నం హోటళ్ళ వాళ్ళు దానికోసం ఎగబడతారు కాబట్టి, మా వాళ్ళు నడుముకి తాడు కట్టుకుని ఆ అల కొట్టే చోటికే దిగుతారు. దిగినవాడు పొడుగు ఉలితో గుల్లలు పెకలిస్తుంటాడు. వాడి ముఖం రాతివైపు, వీపు సముద్రంవైపు. తాడు పట్టుకుని పైన నిలబడ్డవాడు సముద్రాన్ని చూస్తుంటాడు. పెద్ద అల లేస్తే "మార్!" అని అరుస్తాడు. మార్ అంటే సముద్రమే. రాతి మీద మాత్రం దానికి ఒక్కటే అర్థం. చేతిలోది వదిలెయ్, తల దించు, రాతిని కౌగిలించుకో. విన్నవాడు వెనక్కి తిరిగి చూడడు. చూసే లోపలే పోతాడు.

ఆ మాట పగవాడికైనా అరవాల్సిందే. తండ్రిని చంపినవాడు రాతి మీద ఉన్నా సరే, ముందు అరిచి, వాడు పైకి వచ్చాక కావలిస్తే పొడుచుకోవచ్చు. ఇదెవరూ రాసిపెట్టిన చట్టం కాదు. పిల్లలు ఆటలో కూడా ఆ మాట ఉత్తుత్తినే అనరు, అంటే తల్లే మూతి పగలగొడుతుంది.

దేవుడు షెనారోకి ఇచ్చింది ఒకే ఒక్కటి, గొంతు. చర్చిలో పాడమంటే శ్రుతి కలవదు, బారులో కబుర్లు చెప్పమంటే నీళ్ళు నములుతాడు. కానీ రాతి మీద నిలబడి మార్ అన్నాడంటే గాలిని చీల్చుకుని, నీటి హోరు కిందుగా పోయి, కింద ఉన్నవాడి వెన్నులో దిగేది. వేరేవాళ్ళ తాడు మీద ఉన్నవాళ్ళు కూడా షెనారో గొంతుకే తల దించేవారు. ఆ తీరంలో అతని అరుపు విని బతికినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఎవరూ ప్రత్యేకంగా చెప్పరు, కాఫీ తాగించి ఊరుకుంటారు.

లీనోకి పాతికేళ్ళు తాడు పట్టింది అతనే. తాడు పట్టేవాడు బావమరిది అయితేనే మంచిదని మా వాళ్ళ నమ్మకం. చెల్లెలు విధవ కావడం ఎవడికీ ఇష్టం ఉండదు కదా. లీనో భార్య ఎర్మీతాస్ షెనారో చెల్లెలే.

తర్వాత గుల్లలు తగ్గాయి, లైసెన్సులు తగ్గించాల్సి వచ్చింది. ఎవరివి తియ్యాలన్నది సంఘం చేతిలో పెట్టారు. లీనో నిషేధ కాలంలో దిగాడని సాక్ష్యం కావాలన్నాడు సంఘం పెద్ద అమారో. నిషేధ కాలంలో అందరూ దిగారు. షెనారో కూడా అదే తాడు మీద దిగాడు. అయినా సాక్ష్యం చెప్పాడు. మోకాళ్ళు పనికి రాని మనిషికి సంఘంలో కాపలా ఉద్యోగం ఖాళీ ఉంది మరి. లీనో లైసెన్సు పోయింది, షెనారోకి జీపు వచ్చింది.

ఆ తర్వాత నుంచీ ఊరు రెండుగా చీలింది. లైసెన్సు లేనివాళ్ళు దొంగతనంగా దిగడం, కాపలావాళ్ళు వాళ్ళని కొట్టడం, వాళ్ళు కాపలావాళ్ళ కిటికీలు పగలగొట్టడం, టైర్లు కొయ్యడం. చలికాలం ఒక మంచు పొద్దున ఒకడు బస్తాతో దొరికాడు. షెనారో వెనకనుంచి రెండు చేతులూ విరిచి పట్టుకున్నాడు. పట్టుకోగానే ఆ భుజాలు ఎవరివో తెలిసిపోయింది. చిన్నప్పుడు తన మెడ మీద ఎక్కించుకుని తిప్పిన మేనల్లుడు రోకె. వదిలెయ్యొచ్చు. వదల్లేదు. రెండో కాపలావాడు బ్రేషో దుడ్డుకర్రతో మోకాలి మీద కొట్టాడు, ఒక్కసారి కాదు. ఎముక విరిగిన చప్పుడు షెనారో ఛాతీకి తగిలింది. రోకె అరవలేదు, "మామయ్యా" అన్నాడు, అంతే. వారం తిరక్కుండా షెనారో వేళ్ళు జీపు తలుపులో పడ్డాయి. ఆ ముసుగులో ఉన్నది లీనో.

కేసయింది. ఇకమీద చెయ్యి పడకూడదన్నాడు సంఘం లాయరు. అప్పుడు అమారోకి ఆ ఆలోచన వచ్చింది. కర్ర వద్దు, రాయి వద్దు, ఒక్క మాట చాలు. షెనారో గొంతు వింటే ఎంతటి దొంగైనా బస్తా వదిలేసి రాతిని కరుచుకుంటాడు, ఈలోగా మనం వెళ్ళి బస్తా తెచ్చుకోవచ్చు. షెనారో మూడు రోజులు కుదరదన్నాడు. నాలుగో రోజు అరిచాడు.

గాలి లేని ఆదివారం. రాతి మీద ఐదుగురు. ఆ ఒక్క మాటకి ఐదుగురూ ఒకేసారి బోర్లా పడ్డారు. ఒకడి చెయ్యి విరిగింది, ఒకడి ముక్కు చితికింది. లీనో ముందుపళ్ళు రెండూ రాతికి తగిలి రాలిపోయాయి. నెత్తురు కారుతున్న నోటితో రాని అలకోసం రాతిని కౌగిలించుకుని అలాగే ఉండిపోయాడు. అందరికంటే ఎక్కువసేపు ఉన్నాడు. పైనుంచి బ్రేషో నవ్వు వినపడ్డాక తల ఎత్తాడు. షెనారోని చూసిన ఆ చూపులో కోపం కూడా లేదు, నమ్మలేకపోవడం ఒక్కటే ఉంది.

ఆ రోజు బారులో జనం పడీపడీ నవ్వారు. నవ్వినవాళ్ళెవరూ ఆ తర్వాత షెనారోకి కాఫీ తాగించలేదు.

*

షెనారో బయటికి వచ్చేసరికి నాలుగు టైర్లూ కోసేసిన జీపు నేలకి కూలబడి ఉంది. తిట్టుకోకుండా నడక సాగించాడు.

సంఘం ఆఫీసులో అమారో బూట్లు తుడుచుకుంటున్నాడు. తెల్లటి మీసం, ఇస్త్రీ చొక్కా, చేపల వాసన రాని మనిషి. అతని అల్లుడి హోటల్లో లైసెన్సు గుల్లలూ ఉడుకుతాయి, దొంగ గుల్లలూ ఉడుకుతాయి. ఊరందరికీ తెలిసిన సంగతే.

"రా రా. మీ బావగారు ఊరేగింపుగా వెళ్తున్నాడట, విన్నావా?"

"సముద్రం బాలేదు పెద్దాయనా. లోపల్నించి లేస్తోంది."

"ఇంకా మంచిదేగా. గట్టిగా అరువు. ఈసారి అబద్ధం కూడా కాదు."

గోడకి ఆనుకుని నిలబడ్డ బ్రేషో కిసుక్కుమన్నాడు. పాతికేళ్ళవాడు, ఎవరిమీద చెయ్యి చేసుకోవాలన్నా ముందుండేవాడు.

"నమ్మడు," అన్నాడు షెనారో.

"నమ్మకపోతే వాడి ఖర్మ. మనం అరిచామని పదిమంది వింటారు, అది చాలు."

షెనారో టోపీ చేతిలో నలుపుతూ నిలబడ్డాడు. మాటలు కూడగట్టుకోవడం అతనికి ఎప్పుడూ కష్టమే. "మీరొక్కసారి నాతో రండి. ఆ అరుపు సంఘం చెప్పి అరిపించింది, తప్పయింది, ఇంకెప్పుడూ ఉత్తుత్తి అరుపు ఉండదని అందరి ముందూ చెప్పండి. మీరు చెబితే నమ్ముతాడు. ఇప్పుడే వెళ్తే అందుకుంటాం."

"తప్పయిందంటానా? నీకు మతి గానీ పోయిందా? పళ్ళు రాలినవాడూ చెయ్యి విరిగినవాడూ రేపు నా గుమ్మంలో కూర్చుంటారు." అమారో బూటు ఎత్తి వెలుగులో చూసుకున్నాడు. "అయినా అరిచింది నువ్వయ్యా. నేను గదిలో కూర్చుని ఏదో అన్నాను. గొంతు నీది."

అది నిజమే. షెనారో టోపీ పెట్టుకుని గుమ్మంవైపు తిరిగాడు.

"బ్రేషోని తీసుకెళ్ళు," అన్నాడు అమారో వెనకనుంచి.

*

దారిలో బ్రేషోని కొండ మీదికి పొమ్మని, షెనారో చెల్లెలి ఇంటికి తిరిగాడు. ఆ గుమ్మం తొక్కి రెండేళ్ళు దాటింది. తలుపు తీసే ఉంది. ఎర్మీతాస్ పొయ్యి దగ్గర బంగాళాదుంపలు ఉడికిస్తోంది. అన్నలాగే పొట్టిగా, లావు మెడతో ఉంటుంది. అతన్ని చూసి గరిటె కింద పెట్టింది.

"గుమ్మం దిగు."

"బావ ఏడమ్మా?"

"దిగమన్నానా!"

"దిగుతాను. బావ బయల్దేరాడా లేదా, అదొక్కటి చెప్పు. సముద్రం..."

ఆమె గిన్నె ఎత్తి విసిరింది. వేడినీళ్ళు అతని మెడ మీదా ఛాతీ మీదా పడ్డాయి. దుంపలు గడప మీద దొర్లాయి. షెనారో పళ్ళు బిగించి అక్కడే నిలబడ్డాడు. ఒళ్ళు మండుతున్నా కదల్లేదు. ఆ మండడం అతనికి ఎందుకో కాస్త సుఖంగానే ఉంది.

లోపలి గదిలోంచి చంక కర్ర చప్పుడు వచ్చింది. రోకె. కుడికాలు కర్రలా నిలువుగా ఉండిపోయింది. మనిషి సగానికి చిక్కిపోయాడు.

"ఎవరమ్మా? ఓహో, మామయ్యగారా!" అన్నాడు. "ఏం మామయ్యా, పట్టుకోడానికి వచ్చావా? ఇదిగో, వెనక్కి తిరుగుతాను, పట్టుకో. ఆ రెండో కాలు ఇంకా బాగానే ఉంది."

"మీ నాన్నని ఆపు రోకె. నిజంగా..."

చంక కర్ర అతని చెవి మీద పడింది. రెండోసారి భుజం మీద. షెనారో గడప మీద కూలబడ్డాడు. చేతులు అడ్డం పెట్టుకోలేదు. మూడో దెబ్బకి ఆధారం తప్పి రోకె తనే పడబోయాడు, షెనారో లేచి పట్టుకున్నాడు. ఒక్క క్షణం ఇద్దరూ అలా ఒకళ్ళ చేతుల్లో ఒకళ్ళు ఉండిపోయారు. తర్వాత రోకె అతని ముఖాన ఉమ్మాడు.

"పొద్దున్నే పోయాడు," అంది ఎర్మీతాస్. "కొడుకు కాలు విరిగితే ముసలాడు కాక ఎవరు దిగుతార్రా?"

"చెల్లీ, నా మాట విను. దూరపు అల వస్తోంది. నేనరిస్తే తల దించనన్నాడు. నువ్వొచ్చి పిలువు. నువ్వు పిలిస్తే పైకి వస్తాడు."

ఆమె గుమ్మంలోకి వచ్చి సముద్రంవైపు చూసింది. వాకిట్లోంచి ముసల్ది కనపడదు. కనిపించినంత మేరా నీళ్ళు నున్నగా, ఎండకి మెరుస్తున్నాయి.

"నిజంగానా?" అంది నెమ్మదిగా.

"నాన్న మీద ఒట్టు."

ఆమె ముఖంలో ఏదో కరిగింది. పైట లాంటి నల్ల శాలువా భుజం మీదికి లాక్కుంది కూడా. అంతలోనే ఆగిపోయింది.

"ఆ మాట నేర్పింది కూడా నాన్నే కదరా అన్నయ్యా," అంది. "దాన్నేం చేశావ్?"

తలుపు వేసేసింది.

*

కొండ అంచుకి చేరేసరికి షెనారో ఒళ్ళంతా చెమట పట్టింది. చెవిలోంచి నెత్తురు కారి కాలర్లోకి దిగింది. కింద లీనో ఒంటరిగా పని చేసుకుంటున్నాడు. తాడు పట్టేవాడు లేడు, కొసను రాతిలో దిగ్గొట్టిన ఇనపమేకుకి కట్టుకున్నాడు. పొడుగాటి మనిషి, వంగి వంగి కొంగలా కనిపిస్తున్నాడు. ఉలి దెబ్బ రాతికి తగిలి టంగుమంటోంది.

షెనారో నిలబడి చూశాడు. చాలా దూరంలో, నీటి రంగు మారిన చోట, ఒక ముదురు గీత కనపడింది. దాని వెనక ఇంకొకటి.

ఊపిరి పీల్చుకుని అరిచాడు. "మా...ర్!"

బతుకులో అంత బాగా ఎప్పుడూ అరవలేదు. కొండకి అవతల ఉన్న సముద్రపు కాకులు కూడా లేచాయి. లీనో ఉలి ఆపలేదు. తల ఎత్తకుండానే ఎడమచేత్తో వెనక జేబు తట్టి ఎగతాళిగా చూపించాడు.

"మళ్ళీ అరువు బావా!" అని కేక వేశాడు. "ఈసారి దేనికి? ఈసారి దవడపళ్ళు కావాలా?"

"నిజం బావా! ఒట్టు! చూడు, వెనక్కి చూడు!"

"చూస్తే మీవాడు వచ్చి బస్తా ఎత్తుకుపోతాడు. తెలుసులే నీ సంగతి!"

మొదటి అల వచ్చింది. చిన్నదే, లీనో నడుము దాకా తడిసింది. అతను ఊగి నిలదొక్కుకుని నవ్వాడు. "ఇదేనా నీ సముద్రం?"

ఇంకా మూడు ఉన్నాయి. పక్కన బ్రేషోకి ఓపిక నశించింది. "ఇలా కాదు," అని పిడికెడు రాళ్ళు ఏరి విసరడం మొదలెట్టాడు. ఒకటి లీనో వీపు మీద పడింది. ఇంకొకటి తలకి తగిలి అతను మోకాళ్ళ మీదికి కూలాడు. నెరిసిన జుట్టులోంచి ఎర్రగా కారింది. బ్రేషో ఇంకో రాయి ఎత్తేసరికి షెనారో పిడికిలి అతని ముక్కు మీద దిగింది. వెల్లకిలా పడ్డ ఆ కుర్రాణ్ణి ఇంకోసారి కొట్టాడు, ఇంకోసారి. రోకె మోకాలి చప్పుడు ఛాతీలో ఇంకా ఉంది. అది పోయేదాకా కొట్టాలనిపించింది. బ్రేషో ముఖం కప్పుకుని ముడుచుకుపోయాక ఆగాడు.

రెండో అల లీనో ఛాతీ దాకా లేచింది. తాడు బిగిసింది, మేకు కిర్రుమంది.

అప్పుడు షెనారో కాపలా కోటు విప్పాడు. పసుపుపచ్చ కోటు, వీపు మీద సంఘం పేరు, చీకట్లో మెరిసే పట్టీలు. దాన్ని మడిచి గడ్డి మీద పెట్టి, గాలికి పోకుండా పైన ఒక రాయి ఉంచాడు. ఆ కోటు వేసుకుని ఆ మనిషి దగ్గరికి వెళ్ళబుద్ధి కాలేదు. పాత ఉన్ని చొక్కాతో, పాతికేళ్ళు దిగిన మెట్ల వెంటే, చేతులతోనూ పిర్రలతోనూ జారుతూ దిగాడు.

లీనో నెత్తురు తుడుచుకుంటూ తల ఎత్తాడు. షెనారో అంత దగ్గరగా అతని ముఖం చూసి రెండేళ్ళయింది. నోట్లో ముందుపళ్ళ చోట నల్లటి సందు.

"రాళ్ళేయించి, చచ్చానో లేదో చూడ్డానికి దిగావా?"

"లే బావా. పైకి పద. తిట్లు పైన తిడుదువు గాని."

"బస్తా కావాలి, అంతేగా?"

"బస్తా నీళ్ళలో పారెయ్. లే!" షెనారో తాడు అందుకుని రెండుచేతులతో లాగాడు. లీనో ఉలి తిరగేసి పిడితో అతని డొక్కలో పొడిచాడు. షెనారో ఊపిరి ఆగిపోయింది గానీ తాడు వదల్లేదు. మీదపడి చొక్కా పట్టుకున్నాడు. ఇద్దరు ముసలివాళ్ళూ తడిరాతి మీద తన్నుకున్నారు. మోచేతులు, తల, దొరికిందల్లా వాడారు. లీనో అతని వేడినీళ్ళకి కాలిన మెడ పట్టుకుని నులిమాడు. షెనారో అతని గూబ మీద కొట్టాడు. కొట్టిన చేత్తోనే పైకి ఈడ్చాడు. ఒక మెట్టు ఎక్కించాడు. ఇంకో మెట్టు.

"నా కొడుకుని పట్టుకున్నావురా!" అన్నాడు లీనో, ఏడుస్తున్నట్టు. "వాడు మామయ్యా అన్నా పట్టుకున్నావు!"

"అవును బావా. పట్టుకున్నాను."

"సాక్ష్యం చెప్పావు!"

"చెప్పాను. తర్వాత చంపుదువు గాని, పద."

అలా ఈడ్చడంలో షెనారో ఒకటి మరిచిపోయాడు. ముప్ఫయ్యేళ్ళలో ఎప్పుడూ మరిచిపోనిది. లీనో పై మెట్టు మీద ఉన్నాడు, తను కింద. లీనో ముఖం సముద్రంవైపు ఉంది, తన వీపు సముద్రంవైపు ఉంది. మూడో అల వచ్చి పోయిందో లేదో కూడా లెక్కలో లేదు.

లీనో కళ్ళు అతని భుజం మీదుగా చూశాయి. నులుముతున్న చెయ్యి సడలింది. నెత్తురూ తిట్లూ నిండిన ఆ నోరు తెరుచుకుంది.

"మార్!"

ఇంత దగ్గరనుంచి, పళ్ళసందులోంచి గాలి పోతూ, ఆ మాట షెనారో ముఖం మీదే పడింది. ముప్ఫయ్యేళ్ళు అలవాటుపడ్డ ఒళ్ళు ముందే వంగబోయింది, వేళ్ళు రాతికోసం చాపుకున్నాయి. కానీ ఈమధ్య నేర్చుకున్న బుర్ర అడ్డం పడింది. వదిలించుకోవడానికి అరుస్తున్నాడు, అనుకున్నాడు. నా మందు నాకే పోస్తున్నాడు. తల దించానంటే బస్తా ఎత్తుకుని కిందికి పోతాడు, ఇక పైకి రాడు.

"నువ్వూ నేర్చుకున్నావా బావా," అని నవ్వాడు షెనారో. చొక్కా ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. తల దించలేదు.

లీనో రాతిని కౌగిలించుకున్నాడు. చీకటి పడ్డట్టయింది, చెవులు మూసుకుపోయాయి. నీళ్ళు అతని మీదినుంచి పోయి, ఆగి, మళ్ళీ వెనక్కి లాగాయి. ఆ లాగుడుకి చొక్కా గుండీలు తెగడం ఒక్కటే తెలిసింది. తల ఎత్తేసరికి మెట్టు ఖాళీగా ఉంది. కింద నురుగు తిరుగుతోంది. ఆ తర్వాత సముద్రం మళ్ళీ నూనె పోసినట్టు నున్నబడింది.

*

పై ఊరి ఇసుకలో శవం దొరికింది. మా ఊరి ఆచారం ప్రకారం మోసినవాళ్ళంతా గుల్లలవాళ్ళే. లైసెన్సు ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ కలిసే మోశారు, దారిలో ఒకళ్ళనొకళ్ళు తోసుకున్నారు కూడా. అమారో పూలు పంపాడు. రోకె చంక కర్రతో శవపేటిక వెనకాలే నడిచాడు. ఎర్మీతాస్ ఏడవలేదు.

లీనోని పోలీసులు అడిగారు. పాదిరీ అడిగాడు. బారులో అందరూ అడిగారు. అందరికీ అతను ఒకటే చెప్పాడు. "నేనరిచాను. అల చూశాను, అరిచాను." ఎవరూ కాదనలేదు. కాఫీ గిన్నెలోకి చూస్తూ ఊఁ అన్నారు. పైన ఉన్న బ్రేషో ముఖం కప్పుకుని పడి ఉన్నాడు, తనకేమీ వినపడలేదన్నాడు. అది నిజమే కావచ్చు.

ఇంట్లో లీనో భార్య ముందు నిలబడ్డాడు. "నువ్వైనా నమ్మవే. మీ అన్నకి అరిచాను. దేవుడి మీద ఒట్టు, అరిచాను."

ఎర్మీతాస్ అతని ముఖంలోకి చాలాసేపు చూసింది. ఆ రోజు తెగిపోయిన గుండీల చోట కొత్త గుండీలు కుట్టిన చొక్కా వైపు చూసింది. నమ్మాలనే చూసింది పాపం.

"అన్నం తిను," అంది చివరికి.

కొండ మీద పసుపుపచ్చ కోటు ఆ రాయి కిందే ఉంది. అది సంఘం సొత్తని ఇంటివాళ్ళు తీసుకోలేదు, చనిపోయినవాడి బట్టని సంఘం అడగలేదు. మడత విడిపోయి ఒక చెయ్యి బయటికి వచ్చింది. సముద్రం గాలి తిరిగినప్పుడల్లా ఆ చేతిలోకి గాలి నిండుతుంది, కాసేపు నిండుగా ఉండి, మళ్ళీ గడ్డి మీద పడిపోతుంది.